గుండు మీది మెరుపు

మొన్న మా తమ్ముడి కొడుకు ఫోను నా ముఖం ముందు పెట్టి, "అత్తా, వీటిల్లో ఏది ఎత్తుకునేది, చెప్పు," అన్నాడు. తిరుపతిలో పసిపిల్లల ఫొటోలు తీసే స్టూడియో పెడుతున్నాడు వాడు. ఫోను తెర మీద లైట్లు బారులు తీరి ఉన్నాయి. పెద్ద గాజుల్లా గుండ్రంగా ఉన్నవి కొన్ని, పెట్టెకు తెల్లగుడ్డ కట్టినట్టున్నవి కొన్ని, వేలితో తాకితే రంగు మారేవి కొన్ని. "తాత స్టూడియోలో పెరిగినదానివి గదా, నీకు తెలీకుండా ఉంటాదా?" అని పట్టుబట్టాడు.

మామూలుగా నన్ను ఏదైనా అడిగితే చాలు, తెలిసినా తెలియకపోయినా గంటసేపు చెబుతాను. చందమామ మీద బావి తవ్వడం ఎట్లాగని అడిగినా, నీళ్ళు ఎన్ని నిలువుల లోతులో పడతాయో కూడా చెబుతాను. లైట్ల మాట వచ్చేసరికి మాత్రం "మీ నాయన్ని అడుగు పో," అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఊరికే నిలబడ్డాను.

మా నాయన స్టూడియో అలిపిరికి పోయే దారిలో ఉండేది. ముందు గదిలో ఒక బెంచీ, ఒక అద్దం. మధ్య గదిలో ఏడు కొండలు గీసిన తెర. దాని వెనక డార్క్ రూము, డార్క్ రూము వెనక మేము. పొద్దున లేవగానే అందరి ఇళ్ళల్లో కాఫీ వాసన వస్తే మా ఇంట్లో ఫొటోలు కడిగే హైపో వాసన వచ్చేది. దాని వెనకాలే మా అవ్వ సానమీద తీసే గంధం వాసన. ఈ రెండూ కలిస్తే ఎట్లా ఉంటుందంటే, దేవుడి గదిలో ఎవరో ఊరగాయ జాడీ పగలగొట్టినట్టు ఉంటుంది.

మాకు వచ్చేవాళ్ళల్లో ముప్పాతిక మంది కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగినవాళ్ళే. అయినా అద్దం పక్కన దారం కట్టిన దువ్వెన ఒకటి వేలాడుతూ ఉండేది. అలవాటు కొద్దీ దాన్ని ఎత్తేవాళ్ళు, అద్దంలో చూసుకునేవాళ్ళు, మళ్ళీ పెట్టేసేవాళ్ళు. పెద్దమనిషి ఒకాయన మాత్రం దువ్వెన చేతికి వచ్చాక వదల్లేక, కనుబొమ్మలు దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. ఇది నా కళ్ళతో చూసిందే. తక్కినవాటికి నేను పూచీ కాను.

నాయనకు ఉండేవి రెండు లైట్లు. రెండు పెద్ద రేకు బేసిన్లు, వాటిల్లో చిన్న గుమ్మడికాయంత బల్బులు. అవి వేస్తే వీధి చివర టీ అంగట్లో పాలు పొంగేవని చెబుతుంటాను. అంత కాకపోయినా, వాటి ముందు కూర్చున్న మనిషి పది లెక్కపెట్టేలోపల చెమటతో తడిసిపోయేవాడు. గుండు మీద చెమట, ఆ చెమట మీద బల్బు వెలుతురు. ఫొటోలో చూస్తే నెత్తిన తెల్లటి అప్పచ్చి అతికించినట్టు పడేది. ఇంటిల్లిపాదీ గుండ్లయితే ఫొటోలో మనుషులు కనపడేవాళ్ళు కాదు, దీపాలవరస కనపడేది.

గుండుకు గంధం పూస్తే మెరుపు తగ్గుతుందని కనిపెట్టింది మా అవ్వ. ఎట్లాగూ గుండు చేయించుకున్నాక గంధం పూసుకునే వాడుక ఉంది కాబట్టి ఎవరూ కాదనేవాళ్ళు కాదు. ఫొటోకు ముందు ఆ గిన్నె పట్టుకుని తలలకు గంధం పూయడం నా పని. బళ్ళో మిగతా పిల్లలు మనుషుల్ని పుట్టుమచ్చలతో గుర్తుపడితే నేను నెత్తిమీద సుడులతో గుర్తుపట్టేదాన్ని. అయితే ఆ బల్బుల వేడికి గంధం ఎండి, బీటలు వారి, చెమటతో కలిసి ముక్కు మీదికి జారేది. మిగిలిన మెరుపును తీసేసేవాడు టచింగ్ మామ.

మామ అనేది పిలుపేగానీ చుట్టరికం లేదు. నాయనా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. పెళ్ళి కాలేదు, ముందు గదిలో బెంచీ మీద పడుకునేవాడు, మా ఇంట్లోనే తినేవాడు. పగలంతా కిటికీ దగ్గర వాలుబల్ల ముందు కూర్చుని నెగటివ్‌లకు టచింగ్ చేసేవాడు. నెగటివ్‌లో అంతా తలకిందులు కదా, తెల్లగా మెరిసింది అక్కడ నల్లగా పడుతుంది. ఆ నలుపును బ్లేడు ముక్కతో పలుచగా, పలుచగా గీకాలి. సరిగ్గా గీకితే ఫొటోలో మెరుపు పోయి మామూలు తల కనపడుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ గీకితే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది.

"కొండ మీద మంగలాయన ఎంట్రుకలు గొరుగుతాడు, కొండ కింద నేను మెరుపు గొరుగుతా," అనేవాడు మామ. "ఇద్దురికీ సామే యజమాని."

నాకు కోతలు కోయడం నేర్పించింది ఈయనే. ఆయన చెప్పినవాటిల్లో నాకు బాగా ఇష్టమైనది కాట్పాడి ఆయన కథ.

"ఆయప్ప ఫొటో దిగిపోయినాక ఆర్నెల్లకు తిరిగొచ్చినాడు మే. 'ఏమయ్యా, నా ఫొటోలో నువ్వు ఏం గీకినావో ఏమో, ఇంతవరకు ఒక్క ఎంట్రుక మొలిస్తే ఒట్టు' అన్నాడు. సూస్తే నిజమే! గుండు గుండుగానే ఉండాది. ఏం జేసేది? నెగటివ్ ఎత్తి, పెన్సిల్‌తో ఎంట్రుక ఎంట్రుకా గీసి పంపిస్తి. నెల తిరిగేసరికి పిలక కట్టుకునేంత మొలిచిందని జాబు రాసినాడు."

"పెన్సిల్‌తో గీస్తే ఫొటోలో తెల్లగా గదా మామా పడేది?"

"అందుకే మే, అన్నీ తెల్లెంట్రుకలే మొలిచినాయంట."

ఇంత నవ్వించే మనిషికి ఒక మొండి పట్టింపు ఉండేది. చేతికి పని లేనినాడు కంచం ముందు కూర్చునేవాడు కాదు. వాన పట్టి జనం రానప్పుడు, "బజార్లో తినొచ్చినా," అని అబద్ధం చెప్పి బెంచీ మీద పడుకునేవాడు. మా అవ్వ దానికొక విరుగుడు పెట్టింది. ఏదో ఒక పాత నెగటివ్ నా చేతికిచ్చి, "ఇది రవంత సూడమన్నాడు మా నాయన అని చెప్పి ఇచ్చి రా," అనేది. మామ దాన్ని అరగంట గీకి, చేతులు కడుక్కుని, సంగటి ముద్దకు వచ్చేవాడు. చెనక్కాయల ఊరిబిండి పచ్చడి ఉన్ననాడు రెండో ముద్ద కూడా అడిగేవాడు.

నేను చెప్పబోయేది ఒక ఎండాకాలం. మా తమ్ముడు పుట్టబోయే కాన్పుకని అమ్మ చిత్తూరులో పుట్టింటికి పోయింది. బళ్ళకు సెలవులు. మంచం కింద గడ్డిలో మాగేసిన మామిడికాయల వాసన ఇల్లంతా ఉండేది.

ఆ నెలలో ఒక జంట ఏడాది బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి ఫొటో దిగి పోయారు. ఫొటోలు చేతికి వచ్చిన పూట ఆ తల్లి వచ్చి, కవరు బెంచీ మీద పెట్టి ఏడ్చింది. బిడ్డ నెత్తి నడిమధ్య కందిగింజంత నల్లటి మచ్చ.

"బిడ్డ తలకు బొక్క పెట్టినారే," అందామె. "మా అత్త సూస్తే అపశకునం అంటాది. నేనేం చెప్పేది?"

నాయన చేతులు జోడించి, ఫొటో మళ్ళీ వేసిస్తానని చెప్పి, కుంచెతో మచ్చకు రంగు అద్ది సరిచేసి ఇచ్చాడు. మామ తన బల్ల దగ్గర నుంచి లేవలేదు. "చెయ్యి జారింది బావా," అన్నాడు సాయంత్రం.

"జారతాదిలే. ముప్పై ఏండ్లకొక తూరి జారకుంటే అది చెయ్యే కాదు," అన్నాడు నాయన.

ఆ వారంలోనే మద్రాసు నుంచి లైట్లు అమ్మే ఆయన దిగాడు. రెండు రకాలు దించి, "శుక్రవారం దాకా రెండూ వాడి సూడండి సార్. నచ్చింది ఉంచుకోండి, నచ్చనిది నేనే వచ్చి ఎత్తుకొనిపోతా," అని చెప్పి పోయాడు.

మొదటిది గాజు కడ్డీ బల్బు. శనివారం దాన్ని వేసి చూశారు. పాత బల్బులు దాని ముందు చన్నీళ్ళు. పావుగంటకు తెర మీద ఏడు కొండల్లో నాలుగోదానికి రంగు పొక్కి బుడగ లేచింది. ఆ పొద్దు మా స్టూడియోలో ఎనిమిదో కొండ పుట్టిందని నేను ఇప్పటికీ చెబుతాను. నాయన దాన్ని అప్పుడే మూటకట్టాడు.

రెండోది గొడుగు లైటు. కర్రకు తెల్ల గొడుగు బిగించి, వెలుతురు నేరుగా మనిషి మీద పడకుండా ఆ గొడుగులో పడి వెనక్కి వచ్చేట్టు పెడతారు. సన్నగా కీచుమని, టప్పుమని ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతుంది. వేడి లేదు, చెమట లేదు.

గొడుగు విప్పడం చూసి మా అవ్వ బియ్యం చెరిగే చాట కింద పెట్టేసింది. "ఇంట్లో గొడుగు తెరుస్తారంట్రా ఎవురన్నా? ఇంటికి చేటు."

"ఇది వానకు గొడుగు కాదుమా, వెలుతురికి గొడుగు."

"ఏ గొడుగైతే ఏమి? తెరిచినాక దాని కింద నీడే గదా ఉండేది."

ఆదివారం ముగ్గురు అన్నదమ్ములు గుండ్లతో వచ్చారు. నాయన గొడుగు లైటుతో తీశాడు. డార్క్ రూములోంచి తడి నెగటివ్ పట్టుకుని వచ్చి, వాకిట్లో ఎండకెత్తి చూశాడు. నేను చంక కిందినుంచి తొంగిచూశాను. మూడు తలలు, మూడూ గుడ్డతో తుడిచినట్టు సాపుగా ఉన్నాయి. గీకవలసింది ఆవగింజంత కూడా లేదు. నాయన నవ్వలేదు. ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, దాన్ని ఆరబెట్టి, బీరువాలో బట్టల కింద దాచాడు. ఫొటో అంత బాగా వస్తే దొంగసొత్తులా దాచుకున్న ఫొటోగ్రాఫర్‌ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ మధ్యాహ్నం నేను మంచం కింద మామిడికాయలు ఒత్తి చూస్తున్నాను. నేనక్కడ ఉన్నానని తెలియక నాయన అవ్వతో చెప్పాడు.

"లైటు మంచిదేమా. ఇది పెట్టుకుంటే ఇంగ టచింగే అక్కర్లేదు."

"అయితే పెట్టుకో."

"బావకు పని యాడుంటాది?"

"పని లేకుంటే ఏమి? ఇంత సంగటి పెట్టలేమా ఆయబ్బికి?"

"ఊరికే పెడితే తింటాడా? నీకు తెలీదా? సత్యవేడులో తమ్ముని ఇంటికి పోతానంటాడు. ఆ మరదలు ఆయన్ని పశువుల కొట్టంలో పడేస్తాది."

"మరి ఈ పాతవే ఉండనీ," అంది అవ్వ.

"పాతవే ఉంటే బిడ్డల తలలకు బొక్కలు పడతా ఉంటాయి. ఏం జేసేదో నాకు తెలీడంలేదుమా." మామిడికాయ నా చేతిలో చితికిపోయింది.

నాకు మాత్రం ఏం చేయాలో తెలిసిపోయింది. గొడుగు లైటు కింద కూడా గుండు మెరిసిందంటే చాలు, శుక్రవారం మద్రాసాయన దాన్ని ఎత్తుకునిపోతాడు. మామ ఉంటాడు.

సోమవారం నుంచి నా గంధం గిన్నె పక్కన కొబ్బరి నూనె గిన్నె కూడా చేరింది. అద్దం దగ్గర, నాయన కంట పడనిచోట, వచ్చినవాళ్ళను వచ్చినట్టు పట్టుకున్నాను. "పెద్దాయనా, రవంత నూనె పూస్తా ఉండు. కొత్త లైటు కింద నూనె లేకుండా కూర్చుంటే ఎంట్రుకలు మళ్ళీ మొలవవు. కాట్పాడిలో ఒకాయనకు అట్లే అయింది," అని మామ కథనంతా అప్పజెప్పేదాన్ని. నమ్మనివాడు ఒక్కడూ లేడు. ఒకాయన రెండు చేతులా ఇంకొంచెం అడిగి పూయించుకున్నాడు. జడ ఉన్న ఆమె ఒకామె, తనకు అక్కర లేకపోయినా, ఎందుకైనా మంచిదని పాపిట్లో పూయించుకుంది.

ఆ నెగటివ్‌లు చూసి నాయన తల పట్టుకున్నాడు. ప్రతి గుండు మీదా ఇంతంత నల్లటి చెండు. గొడుగును అటు తిప్పాడు, ఇటు వంచాడు, దగ్గరికి లాగాడు, దూరం జరిపాడు. మంగళవారం అంతే, బుధవారం అంతే. "ఆదివారం ఎట్ల వచ్చిందో అది గాలివాటం," అనుకుని, ఆ నెగటివ్‌లన్నీ మామకు గీకడానికిచ్చాడు. బుధవారం సాయంత్రానికి గొడుగు ముడిచి మూట కట్టేశాడు.

"కొండ కింద గుండ్లకు ఈ దొరల లైట్లు పనికిరావు బావా," అన్నాడు మామతో. ఆ మాట అంటూ నవ్వాడు. వారం రోజుల్లో నాయన నవ్వింది అప్పుడే. నేను వాకిట్లోకి పోయి గిరగిరా తిరిగాను.

గురువారం మధ్యాహ్నం నాయన హైపో తేవడానికి బజారుకు పోయాడు. మామ నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు.

"మ్మే, ఏ నూనె?"

"ఏ నూనె ఏంది మామా?"

"కొబ్బరి నూనా, ఆముదమా అని అడగతా ఉండా." నెగటివ్‌ను కిటికీకి ఎత్తి చూపించాడు. "సెమట మెరుపు నడినెత్తిన గుంపుగా కూసుంటాది. ఇది సూడు, సెవుల దాకా జారింది. ఇన్నేండ్లు గుండ్లు గీకినోడికి తెలీదా?"

"కొబ్బరి నూనె."

"ఆదివారం ముగ్గురు అన్నదమ్ములు వచ్చినారు, వాళ్ళ నెగటివ్ నా తావకు రాలేదు. సోమవారం నుంచి అందరివీ వస్తా ఉండాయి. అప్పుడే అనుకుంటి. ఏమని చెప్పి పూసినావు?"

"నూనె లేకుంటే జుట్టు మొలవదని చెప్పినా. కాట్పాడి ఆయప్ప కత చెప్పినా."

మామ నవ్వడం మొదలుపెట్టాడు. బల్ల ఊగేట్టు, కండ్లలో నీళ్ళు వచ్చేట్టు నవ్వాడు. నేను కూడా నవ్వాను. తరవాత ఆయన ఆపాడు. "ఏంటికి చేసినావు?"

"నువ్వు సత్యవేడు పోకూడదని."

ఆయన చాలాసేపు బ్లేడు ముక్కను గుడ్డతో తుడుచుకున్నాడు. ఆ తరవాత నెగటివ్ నా ముందుకు జరిపాడు. "ఈ ఆయమ్మ మెడలో ఏముండాది, సెప్పు."

"గొలుసు."

"నాకు మెడే అగుపడతా ఉండాది. పెద్దవి అగుపడతాయి మే, సన్నవి అగుపడవు. ఆ బిడ్డ నెత్తి మీద నా చెయ్యి జారలేదు. యాడ ఆపాల్నో నాకు తెలీలేదు."

నాకు ఏడుపు వచ్చింది. "నాయనతో చెప్పొద్దు మామా."

"ఏది? నూనె సంగతా, కన్ను సంగతా?"

"రెండూ."

"సరే, రెండూ చెప్పన్లే," అన్నాడు. నేను బతికిపోయాననుకున్నాను.

శుక్రవారం తెల్లవారేసరికి బెంచీ మీద మామ లేడు. అలిపిరి మెట్లెక్కి నడిచి పోయాడని పాలవాడు చెప్పాడు. నాయనకు కాలు నిలవలేదు. ఎండ నడినెత్తికి వచ్చినాక మామ బస్సు దిగి వచ్చాడు, నున్నటి గుండుతో. దర్శనానికి నిలబడలేదట, గోపురానికి దండం పెట్టుకుని దిగేశాడట.

"దేనికప్పా మొక్కినావు?" అంది అవ్వ.

"మొక్కు కాదుమా. ఎండలు ఎక్కువైనాయి." ఆ మాట అని, స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. "బావా, నాది ఒక ఫొటో తియ్యి."

నాయన పాత బేసిన్ల వైపు పోయాడు.

"అవి కాదు. గొడుగుది."

"అది ఈ పొద్దు పోయేది బావా. మూట కట్టేసినా."

"ఇప్పు."

నాయన విప్పి నిలబెట్టాడు. నేను గంధం గిన్నె తెచ్చాను. ఆ పూట దాంట్లో ఉన్నది గంధమే, ఒట్టు. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏమీ వద్దు మే. ఉత్త తలే."

ఆ తరవాత ఆయన చేసిందాన్ని సరిగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. స్టూలు దిగి గొడుగు దగ్గరికి వచ్చాడు. ఒక కన్ను మూశాడు. జానతో కొలిచాడు. భుజాలు ఎగరేసి, వెనక్కి రెండడుగులు వేసి, మళ్ళీ ముందుకు వచ్చి, మర వదులు చేసి గొడుగును పైకి జరిపాడు. ఒక్క అంగుళం. మర బిగించాడు.

"నీకు పెట్టడం తెలీలేదు బావా. ఎత్తు సాలలేదు, అందుకే మెరిసినాయి. ఇప్పుడు తియ్యి."

నాయన ఆయన్నీ గొడుగునూ మార్చి మార్చి చూశాడు. మామ నా వైపు చూడనేలేదు. కీచుమంది, టప్పుమంది.

డార్క్ రూములోంచి నాయన తడి నెగటివ్‌తో బయటికి వచ్చి గడపలోనే నిలబడిపోయాడు. మామ దాన్ని అందుకుని కిటికీ దగ్గరికి పోయాడు. నీటిచుక్కలు ఆయన మోచేతి మీదుగా కారుతున్నాయి.

"మెరుపు పొయ్యింది. ఈడ గీకేదానికి ఏమీ లేదు."

"మెడ కాడ రవంత..." అన్నాడు నాయన.

"బాగుండాది."

"కండ్ల కింద ముడతలు పడినట్టుండాయి. పెన్సిల్‌తో రవంత పూస్తే..."

"వయసు బావా అది. ఉండనీ."

"తెర అంచు కాడ సూడు, ఏదో గీత మాదిరి..."

మామ నెగటివ్‌ను క్లిప్పుకు తగిలించి, నాయన భుజం మీద చెయ్యి వేశాడు. నాయన ఇంక ఏమీ చూపించలేకపోయాడు. సాయంత్రం మద్రాసాయన వచ్చి గాజు కడ్డీ లైటు మాత్రం ఎత్తుకుని పోయాడు.

ఆదివారం సత్యవేడు బస్సు. అవ్వ ఊరిబిండి డబ్బా, మురుకులు, రెండు మాగిన కాయలు మూట కట్టింది. "తమ్ముని ఇంట్లో పెండ్లి పనులుండాయి, సాయానికి రమ్మన్నారు," అని అందరికీ చెప్పాడు మామ. ఆ ఇంట్లో పెళ్ళీడు వాళ్ళెవరూ లేరని మా అందరికీ తెలుసు. నాయన బస్టాండుకు రాలేదు. ఎవరో ఫొటోకు వస్తారని చెప్పి ఆగిపోయాడు. ఆ పూట ఎవరూ రాలేదు.

బస్సు పక్కన నేను మామ చొక్కా పట్టుకున్నాను. "మామా, నూనె సంగతి నాయనతో చెప్పేస్తా. అప్పుడు నువ్వు పోవాల్సిన పని లేదు గదా?"

"నువ్వే ఆలోచించు మే. చెప్తే ఏమైతాది? నూనె లేకుంటే లైటు మంచిదేనని తెలుస్తాది. లైటు ఉంటాది. నేను పొయ్యేది పొయ్యేదే."

నేను చొక్కా వదల్లేదు.

"చెప్పకుంటే," అన్నాడు మామ, మూట చంకలో పెట్టుకుంటూ, "టచింగోడు పోతా పోతా లైటు సరిచేసి పొయినాడని ఉంటాది. అట్లే ఉండనీ మే."

బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను నిలబడినచోటికి కాదు, కొంచెం పక్కకు.

నాయన రాసిన జాబులకు ఒక కార్డు వచ్చింది, వేరే ఎవరిదో చేతిరాతతో. అందరం బాగున్నాం, అక్కడ అందరినీ అడిగినట్టు చెప్పండి అని. ఆ తరవాత రాలేదు. ఒకసారి నాయన సత్యవేడు పోయి వచ్చాడు. ఏం చూశాడో అవ్వకు చెప్పాడేమో, నాకు చెప్పలేదు. మామ మద్రాసుకు పోయి పెద్ద స్టూడియోలో గొప్పవాడయ్యాడని నేను బళ్ళో చెప్పుకున్నాను. పిల్లలు నమ్మారు. నేను చెప్పేది పిల్లలు ఎప్పుడూ నమ్మేవాళ్ళు.

నాయన మాత్రం ఆ గొడుగు కర్రకు, మామ మర బిగించిన చోట, తెల్లరంగుతో గీత పెట్టాడు. కర్ర కాళ్ళు ఆనిన చోట నేల మీద కూడా మూడు గుర్తులు వేశాడు. ఆ ఎత్తును మళ్ళీ కదపలేదు. గొడుగు గుడ్డ చినిగి రెండుసార్లు మార్చాడు, కలర్ ఫొటోలు వచ్చాయి, కెమెరాలు మారాయి, ఎత్తు మాత్రం అదే. మరీ పొడుగాటి మనిషి వస్తే ఆయన్నే వంగి కూర్చోమనేవాడు గానీ, గొడుగును ఎత్తేవాడు కాదు. పనికి కుదిరిన ప్రతి మనిషికీ మొదటిరోజు చెప్పే పాఠం ఇదే. "యాడైనా చెయ్యి పెట్టు, ఈ గీత కాడ మాత్రం పెట్టొద్దు. ఇది మా బావ పెట్టిన ఎత్తు. నేను వారం రోజులు కొట్టుకున్నా దొరకలేదు. ఆయన ఒక కన్ను మూసి, జానతో కొలిచి, ఒక్క అంగుళం ఎత్తినాడు. అంతే, మెరుపు పొయ్యింది."

చెప్పినాక నా వైపు తిరిగేవాడు. పెళ్ళయి పిల్లలతో పుట్టింటికి వచ్చినప్పుడు కూడా, ఆ మాట దగ్గర నా వైపే తిరిగేవాడు. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళల్లో ఆయన కాక మిగిలింది నేనే కదా.

"అవునా కాదా మే?"

"అవును నాయనా. ఒక్క అంగుళమే," అనేదాన్ని.